పెద్దవాళ్లకు యూపీఐ అలవాటు చేయాలంటే ముందు ఖాతా వేరు చేయండి

ఇంట్లో పెద్దవాళ్లు ‘ఆ ఫోన్‌పేలు మాకొద్దు’ అనడానికి కారణం చాలాసార్లు యాప్ కాదు. పెన్షన్, పంట డబ్బు, డిపాజిట్ వడ్డీ అన్నీ ఒకే ఖాతాలో ఉంటాయి. ఎక్కడో ఏదో నొక్కితే మొత్తం ఊడ్చుకుపోతుందని వాళ్ల భయం. అది చాదస్తం కాదు, న్యాయమైన భయమే.

అందుకే వేరే బ్యాంకులో ఇంకో సేవింగ్స్ ఖాతా తెరిచి, అందులో రెండు మూడు వేలే ఉంచండి. యాప్‌కు ఆ ఖాతానే కలపండి. పెన్షన్ ఖాతా జోలికి వెళ్లొద్దు.

బ్యాంకులో ఇచ్చిన నంబరు సిమ్ ఆ ఫోన్‌లోనే ఉండాలి. యాప్ తనంతట తానే ఒక ఎస్సెమ్మెస్ పంపి నంబరును సరిచూస్తుంది. రీఛార్జ్ అయిపోయినా, రెండు సిమ్‌లున్న ఫోన్‌లో రెండోది ఎంచుకున్నా ఇక్కడే ఆగిపోతుంది. తర్వాత డెబిట్ కార్డు చివరి 6 అంకెలు, గడువు తేదీ ఇచ్చి యూపీఐ పిన్ పెట్టుకోవాలి. కార్డు లేకపోతే ఆధార్ ఓటీపీతోనూ కుదురుతుంది, కాకపోతే ఆధార్‌కూ బ్యాంకుకూ అదే నంబరు ఉండాలి. పిన్ వాళ్లే కొట్టాలి, మీరు చూడొద్దు. పుట్టిన సంవత్సరం పెట్టనివ్వకండి. కొత్తగా చేరినవాళ్లకు మొదటి 24 గంటల్లో 5,000 రూపాయలే పరిమితి, కాబట్టి పెద్ద బిల్లు కట్టాల్సిన రోజున మొదలుపెట్టకండి.

ఇప్పుడు మీ ఫోన్ నుంచి వాళ్లకు ఒక రూపాయి పంపండి. పిన్ అడగకుండానే డబ్బు వచ్చిందని చూపించండి. ఆ రూపాయి వాళ్ల చేత తిరిగి పంపించండి, ఈసారి పిన్ అడుగుతుంది. పిన్ కొడితే డబ్బు పోతుంది, రావడానికి పిన్ అక్కర్లేదు. ఇది బుర్రకెక్కేదాకా నాలుగైదుసార్లు చేయించండి. ‘రీఫండ్ వేస్తాం, స్కాన్ చేసి పిన్ కొట్టండి’ అనే మోసం ఇక్కడే ఆగిపోతుంది. మనుషుల మధ్య డబ్బు అడిగే కలెక్ట్ రిక్వెస్టులు 2025 అక్టోబర్ 1 నుంచి ఆగిపోయాయి గానీ, క్యూఆర్ కోడ్ పంపి మోసగించేవాళ్లు ఆగలేదు.

కొట్లో స్కాన్ చేశాక తెర మీద వచ్చే పేరు పైకి చదవమనండి. బోర్డు మీద ఒక పేరు, ఖాతాలో ఇంకో పేరు ఉండటం మామూలే. ‘ఫలానా పేరు వస్తోంది, మీదేనా?’ అని అడిగాకే పిన్.

డబ్బు కట్ అయి కొట్టువాడికి చేరకపోతే కంగారులో మళ్లీ కొట్టేస్తారు. హిస్టరీలో ‘పెండింగ్’ అని ఉంటే ఆగాలి, అవసరమైతే నగదు ఇచ్చేయాలి. రిజర్వ్ బ్యాంకు 2019 నిబంధన ప్రకారం వ్యక్తికి పంపి చేరకపోతే మర్నాటికల్లా, దుకాణానికైతే 5 రోజుల్లో డబ్బు వెనక్కి రావాలి. గడువు దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం. ఆ లావాదేవీ మీదే నొక్కి ఫిర్యాదు పెట్టి, ఆ లావాదేవీని గుర్తించే 12 అంకెల యూటీఆర్ నంబరు రాసుకోండి. బ్యాంకు 30 రోజుల్లో తేల్చకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లొచ్చు. పొరపాటున వేరేవాళ్లకు పంపితే మాత్రం ఈ గడువులు వర్తించవు. అందుకే కొత్తవాళ్లకు ముందు ఒక్క రూపాయి పంపి, అందిందని చెప్పాకే మిగతాది పంపాలి.

కస్టమర్ కేర్ నంబరు గూగుల్‌లో వెతకొద్దని గట్టిగా చెప్పండి. నకిలీవాళ్లు కాచుకునేది అక్కడే. యాప్‌లో ఉన్నదో, డెబిట్ కార్డు వెనక ఉన్నదో వాడాలి. మోసం జరిగితే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి, ఆ తర్వాత బ్యాంకుకు ఫోన్ చేయాలి. పిన్ మనమే చెప్పి ఉంటే, బ్యాంకుకు తెలిపేదాకా పోయిన డబ్బు మన నెత్తినే పడుతుంది. తెలిపాక పోయేదానికి బాధ్యత బ్యాంకుదే.

ఇంతచేసినా ససేమిరా అంటే యూపీఐ సర్కిల్ ఉంది. ఖాతా మీది, స్కాన్ చేసేది వాళ్లు. ప్రతిసారీ మీరు ఒప్పుకుంటేనే డబ్బు కదిలేలా పెట్టుకోవచ్చు, లేదా నెలకు 15,000 మించకుండా ముందే అనుమతి ఇచ్చేయొచ్చు. అమ్మ కూరగాయల దగ్గర నిలబడి ఉన్నప్పుడు మీరు మీటింగ్‌లో ఉంటారనుకుంటే రెండోదే నయం.