మిషనరీ సేవకు ఉగాండా వెళ్తున్నారా? బయల్దేరే ముందు ఇవి చూసుకోండి

మలేరియాను తేలిగ్గా తీసుకోవద్దు. అక్కడ ఏడాది పొడవునా ఉంటుంది, చికిత్స ఆలస్యమైతే ప్రాణమే పోతుంది. డాక్టర్ రాసిన నివారణ మాత్రలు తిరిగొచ్చాక కూడా చెప్పినన్నాళ్లు వేసుకోవాలి. ఇంటికొచ్చాక ఎప్పుడు జ్వరం తగిలినా ‘ఉగాండా వెళ్లొచ్చాను’ అని ముందే చెప్పండి.

ఎల్లో ఫీవర్ టీకా: కనీసం 10 రోజుల ముందే వేయించుకోండి, అంతవరకు సర్టిఫికెట్ చెల్లదు. అది లేకుండా తిరిగొస్తే ఇక్కడ క్వారంటైన్‌లో పెడతారు.

టూరిస్ట్ వీసా మీద సేవ చేయొద్దు. పట్టుబడితే మీతోపాటు మిమ్మల్ని పిలిచిన పాస్టర్ గారూ చిక్కుల్లో పడతారు.

భార్యాభర్తలిద్దరూ మనస్ఫూర్తిగా ఒప్పుకున్నాకే టికెట్లు కొనండి. ఇంగ్లండ్ నుంచి బెంగాల్ వచ్చిన మిషనరీ విలియం కేరీ భార్య డొరొతీ మొదట రానంది, చివరి నిమిషంలో బయల్దేరింది. బెంగాల్లో 1794లో ఐదేళ్ల కొడుకు పీటర్ విరేచనాలతో పోయాడు. ఆ తర్వాత ఆమె మనసు మళ్లీ కుదుటపడలేదు. కేరీ బైబిల్ అనువాదాల గురించి చెప్పుకునేవాళ్లు ఆమె పేరెత్తరు, అది నాకు బాధ.

తిరుగు ప్రయాణం డబ్బు విడిగా ఉంచండి. సంఘం పంపే మద్దతు ఏ నెలైనా ఆగొచ్చు.

రాజధాని కంపాలా వైపు వెళ్తుంటే అక్కడి భాష లుగాండాలో పలకరింపులు ఇప్పుడే నేర్చుకోండి. అక్కడ కుశలం అడగకుండా విషయంలోకి దిగితే అమర్యాద. తప్పులతో మాట్లాడినా ముసలమ్మలు చేయి వదలకుండా దిద్దుతారు, పిల్లల యోగక్షేమాలన్నీ అడుగుతారు. ఈ సేవలో దొరికే నిజమైన జీతం అదే. మొదటి ఆరు నెలలు ప్రసంగాలు తగ్గించి, దానికే టైం ఇవ్వండి.