పనికి వెళ్తూ కూడా బిడ్డకు చనుబాలే పట్టడం ఎలా?

హైదరాబాద్ బస్తీల్లో ఎందరో తల్లులు కాన్పయిన రెండు మూడు నెలలకే మళ్లీ ఇళ్లల్లో పనికి వెళ్లాల్సి వస్తుంది. పాలసీసా ఇంట్లోకి వచ్చేది అప్పుడే. డబ్బా తొందరగా అయిపోతుందని పొడి పల్చగా కలుపుతారు, సీసా పీకలో మురికి మిగులుతుంది, బిడ్డకు విరేచనాలు పట్టుకుని బరువు ఆగిపోతుంది. చేత్తో పాలు పిండి పెట్టి వెళ్లడం వస్తే సీసాతో పనే ఉండదు.

పనిలో చేరడానికి పది రోజుల ముందే సాధన మొదలుపెట్టండి. తొలి రోజుల్లో నాలుగు చెంచాలే వచ్చినా పాలు లేవని కాదు. బిడ్డ లాగినంత చేతికి రాదు.

వెడల్పు మూతి స్టీలు గిన్నెను, మూతను 10 నిమిషాలు నీళ్లలో మరిగించండి. చేతులు సబ్బుతో కడుక్కోండి. గోరువెచ్చని తడిగుడ్డ రొమ్ము మీద రెండు నిమిషాలు వేసుకుంటే పాలు సులువుగా దిగుతాయి. చనుమొన చుట్టూ ఉన్న నల్లటి వలయం అంచున పైన బొటనవేలు, కింద చూపుడువేలు పెట్టండి. ముందు ఛాతీ వైపు నొక్కి, తర్వాత రెండు వేళ్లూ దగ్గరకు తెచ్చి వదలండి. మొదట చుక్కలే పడతాయి, కాసేపటికి ధార వస్తుంది. వేళ్ల చోటు మారుస్తూ, ఒక్కో రొమ్ముకు అయిదేసి నిమిషాల చొప్పున మార్చి మార్చి 20 నుంచి 30 నిమిషాలు పిండండి. చనుమొనను లాగినా, వేళ్లు చర్మం మీద జారినా పుండు పడుతుంది, పాలూ రావు.

పూటకు సుమారు 100 మి.లీ. చొప్పున వేర్వేరు గిన్నెల్లో మూతపెట్టి ఉంచండి. చల్లని గదిలో 4 గంటలు, ఫ్రిజ్‌లో ఒక రోజు ఉంటాయి. వేసవిలో రేకుల ఇంట్లో 4 గంటల లెక్క చెల్లదు. పక్కింటి ఫ్రిజ్‌ అడగడానికి మొహమాటపడకండి. మీగడ పైకి తేలితే విరిగినట్టు కాదు, గిన్నె మెల్లగా తిప్పితే కలిసిపోతుంది. పొయ్యి మీద కాచకండి, వేడినీళ్లలో గిన్నె ఉంచితే చాలు.

పట్టేది ఉగ్గుగిన్నెతో. అమ్మమ్మకైనా నానమ్మకైనా ఇది ముందే చూపించండి: బిడ్డను మెలకువగా, తల ఎత్తుగా ఒళ్లో పెట్టుకుని, గిన్నె కొస కింది పెదవికి ఆనించి, మింగాకే మళ్లీ వంచాలి. కాళ్ల మీద పడుకోబెట్టి, ముక్కు మూసి పోస్తే పొలమారి పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఎండాకాలమైనా ఆరు నెలలు నిండేదాకా మంచినీళ్లు వద్దు. చనుబాలలో దాదాపు 87 శాతం నీరే.

పనిచోట కూడా మూడు గంటలకోసారి పిండేయండి, పారబోయాల్సి వచ్చినా సరే. లేకపోతే రొమ్ము గడ్డకట్టి, పాలు తగ్గుతాయి. ఇంటికి రాగానే, రాత్రంతా రొమ్మే ఇవ్వండి.

పాలు చాలుతున్నాయా అంటే రోజుకు ఆరుసార్లయినా ఉచ్చ పోయాలి, తొలి మూడు నెలల్లో నెలకు 500 గ్రాములకు తగ్గకుండా బరువు పెరగాలి. నెలనెలా అంగన్‌వాడీలో తూయించి కార్డులో గీత వేయించండి. గీత అడ్డంగా సాగినా, కిందికి దిగినా వచ్చే నెల దాకా ఆగకుండా బస్తీ దవాఖానాకు తీసుకెళ్లండి.