స్క్రోల్ సా బ్లేడు బిగించే నాబ్ మార్చి చూడండి
స్క్రోల్ సా అంటే సన్నని బ్లేడు పైకీ కిందికీ ఆడుతూ చెక్కలో నగిషీలు కోసే మిషను. మా పాలకొల్లు ఉక్కపోతలో చెమట చేతులకు ఆ బుల్లి నాబ్ పట్టే దొరకదు. జాలీ (చిల్లుల నగిషీ) కోయాలంటే ప్రతి రంధ్రానికీ బ్లేడు ఊడదీసి మళ్లీ బిగించాలి, పాతిక రంధ్రాలకే నా బొటనవేలు వాచిపోయేది. ఆ నాబ్ ఉన్న పాత స్క్రూను బోల్టుల కొట్టుకు పట్టుకెళ్లి, అదే మర, అదే పొడవులో రెక్కలున్న ప్లాస్టిక్ నాబ్ తెచ్చాను. బరువైన ఇనుపది మాత్రం వద్దు. పై క్లాంప్ (బ్లేడు పై చివరను పట్టుకునే బిగింపు) బ్లేడుతోపాటే పైకీ కిందికీ ఆడుతుంది కదా, మిషను అదురుతుంది. స్క్రూ కొన గుండ్రంగా అరిగితే బ్లేడు జారుతుంది, ఆకురాయితో చదును చేయండి. కొత్త బ్లేడుకు నూనె ఉంటుంది, రెండు చివరలూ ఉప్పుకాగితంతో రుద్దండి. నాబ్ ఎక్కడా తగలట్లేదని మిషన్ని చేత్తో ఒక చుట్టు తిప్పి చూశాకే స్విచ్ వేయండి.