ఆడిటర్ ఆఫీసులో స్టాఫ్‌కి ఏఐ అలవాటు చేయడం ఎలా?

ఇది పెద్ద ఐటీ కంపెనీల కోసం రాస్తున్నది కాదు. వాళ్లకు ట్రైనింగ్ డిపార్ట్‌మెంట్లు ఉంటాయి, వాళ్ల తిప్పలు వాళ్లు పడతారు. విజయవాడ గవర్నర్‌పేటలోనో గుంటూరు బ్రాడీపేటలోనో రెండో అంతస్తులో, గోడల నిండా ఫైళ్లు, ఏడెనిమిది కంప్యూటర్లు, ఒక సీనియర్ అకౌంటెంట్, నలుగురైదుగురు స్టాఫ్, సీఏ చదువుతూ పని నేర్చుకునే ఇద్దరు ముగ్గురు ఆర్టికల్ కుర్రాళ్లతో నడిచే ఆడిటర్ ఆఫీసుల కోసం.

అక్కడ మామూలుగా ఏం జరుగుతుందంటే, సార్ ఏదో సెమినార్‌కి వెళ్లొచ్చి, చాట్‌జీపీటీకో జెమినికో డబ్బు కట్టి, మర్నాడు పొద్దున్నే "ఇకనుంచి అందరూ ఇదే వాడాలి" అనేస్తారు. నెల తిరిగేసరికి దాన్ని వాడేది ఇద్దరు, అందులో ఒకరు చెల్లెలి పెళ్లి పత్రిక రాయించుకోవడానికి. దీనికి స్టాఫ్‌ని తప్పుపట్టి లాభం లేదు. నా ఉద్యోగం ఉంటుందా, అది తప్పు చెబితే తిట్లు ఎవరికి అన్న రెండు ప్రశ్నలు వాళ్ల బుర్రలో తిరుగుతుంటే ఎంత మంచి టూల్ ఇచ్చినా చెయ్యి ముందుకు రాదు.

1. ముందు ఉద్యోగాల సంగతి తేల్చండి

టూల్ చూపించే ముందే అందర్నీ కూర్చోబెట్టి చెప్పండి. ఎవర్నీ తీసేసే ఆలోచన లేకపోతే "ఏఐ వల్ల ఈ ఏడాది ఎవర్నీ తియ్యం" అని కాలం కూడా కలిపి ఒక్క ముక్కలో చెప్పండి. ఎంట్రీలు కొట్టే పని తగ్గుతుందని మీకు తెలిస్తే అదీ దాచొద్దు, ఆ మనిషికి తర్వాత ఏ పని నేర్పుతారో దాంతోపాటే చెప్పండి. "ఏం కాదులే అమ్మా, భయపడకు" లాంటి సర్దుబాటు మాటలు మాత్రం వద్దు. ఆ మాట విన్న సాయంత్రమే వేరే ఆఫీసుకు బయోడేటా పంపేవాళ్లు ఉంటారు.

2. తేదీ చూసి మొదలుపెట్టండి

నెలనెలా జీఎస్‌టీ రిటర్న్‌లు వేసే క్లయింట్లకు 11న జీఎస్‌టీఆర్-1 (అమ్మకాల వివరాలు), 20న 3బీ (పన్ను కట్టే రిటర్న్). మధ్యలో 14న 2బీ (సప్లయర్లు చూపించిన బిల్లుల జాబితా) వస్తుంది, దాన్ని మన కొనుగోళ్ల లెక్కతో సరిచూసే మ్యాచింగ్ గొడవ మొదలవుతుంది. ఈ పది రోజుల్లో కొత్తది నేర్చుకోమంటే ఎవరికైనా చిర్రెత్తుకొస్తుంది. 22 దాటాక, రోజుకు ఓ అరగంట చొప్పున మొదలుపెట్టండి. ఇన్‌కంట్యాక్స్ రిటర్న్‌లు, ట్యాక్స్ ఆడిట్లతో ఊపిరాడని జూలై, సెప్టెంబరు నెలల జోలికి అసలు పోవద్దు.

3. ఏ పని చిరాకో వాళ్లనే అడగండి

మీరు లిస్టు రాసి ఇవ్వకండి. ఒక్కొక్కరి పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, రోజూ చేసే పనుల్లో ఏది విసుగో చెప్పించండి. చాలాచోట్ల మొదట వచ్చే జవాబు బిల్లుల కోసం క్లయింట్ల వెంట పడటం. ఒకే మెసేజ్ ముప్పై మందికి, ఒక్కొక్కరికి ఒక్కోలా రాయాలి. రెండోది ఎక్సెల్ ఫార్ములాలు, మూడోది పేజీలకు పేజీలు ఉండే సర్క్యులర్లు చదవడం. మొదలుపెట్టడానికి ఇవి మంచి పనులు, తప్పు జరిగినా కొంప మునగదు. నోటీసులకు రిప్లైలు, ట్యాక్స్ లెక్కలు ఇప్పుడే వద్దు.

అడిగే పద్ధతి కూడా చూపించాలి. "క్లయింటుకు రిమైండర్ రాయి" అంటే సర్కారు నోటీసు లాంటిది వస్తుంది. అదే "మా క్లయింటు కిరాణా హోల్‌సేల్ వ్యాపారి, వయసులో పెద్దాయన, గత నెల అమ్మకాల బిల్లులు ఇంకా పంపలేదు, 9వ తేదీకల్లా మాకు కావాలి, వాట్సాప్‌లో పంపేలా మర్యాదగా నాలుగు లైన్లు తెలుగులో రాయి" అంటే పనికొచ్చేది వస్తుంది. ఇంగ్లిష్ రాదని వెనకాడే వాళ్లుంటే ఫోన్‌లో తెలుగులో మాట్లాడి అడగమనండి, తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టినా అర్థం చేసుకుంటుంది. కాకపోతే అది రాసే తెలుగు ఒక్కోసారి కొయ్యబారి ఉంటుంది, పంపే ముందు మన మాటల్లోకి మార్చుకోవాలి.

4. ఏవి పెట్టకూడదో గోడకు అంటించండి

పాన్, ఆధార్, బ్యాంక్ స్టేట్‌మెంట్లు, పోర్టల్ పాస్‌వర్డ్‌లు. (అన్ని క్లయింట్ల పాస్‌వర్డ్‌లూ ఒకే ఎక్సెల్ షీట్‌లో ఉంటాయని అందరికీ తెలుసు. ఆ ఫైల్‌ని ఎవరైనా "దీన్ని నీట్‌గా సర్దు" అని అప్‌లోడ్ చేస్తే ఏమవుతుందో ఒక్క క్షణం ఆలోచించండి.) ఇది ఉత్త భయం కాదు. 2023లో శాంసంగ్ ఇంజనీర్లు కంపెనీ కోడ్‌ను చాట్‌జీపీటీలో పెట్టేశారని తేలాక ఆ కంపెనీ అలాంటి టూల్స్‌ను ఆపేసింది. 2025 జనవరిలో మన కేంద్ర ఆర్థిక శాఖ కూడా ఆఫీసు కంప్యూటర్లలో చాట్‌జీపీటీ, డీప్‌సీక్ లాంటివి వాడొద్దని తన ఉద్యోగులకు చెప్పింది.

పేరు బదులు "పార్టీ ఎ" అని పెట్టడం నేర్పండి. అందరూ మర్చిపోయేది ఒకటుంది: జీఎస్‌టీ నంబరులో 15 అక్షరాలుంటాయి, మొదటి రెండు రాష్ట్రం కోడ్ (ఆంధ్రాకు 37, తెలంగాణకు 36), ఆ తర్వాతి పది అచ్చంగా పాన్ నంబరే. కాబట్టి పాన్ తీసేసి జీఎస్‌టీ నంబరు ఉంచితే తీసేసినట్టు కాదు.

5. దాని తప్పులు వాళ్లచేతే పట్టించండి

నన్నడిగితే మిగతావన్నీ అటూ ఇటూ అయినా దీన్ని మాత్రం వదలొద్దు. 2025 సెప్టెంబరు 22న జీఎస్‌టీ రేట్లు మారాయి. సిమెంటు 28 శాతం నుంచి 18కి వచ్చింది, నెయ్యి 12 నుంచి 5కి. టూల్‌ని అడగమనండి: ఆగస్టులో సప్లై అయి బిల్లు పడిన సిమెంటుకు రేటెంత, అక్టోబరు దానికెంత, ఆగస్టు సరుకును అక్టోబరులో వెనక్కిస్తే క్రెడిట్ నోట్ (పాత బిల్లును తగ్గించే కాగితం) ఏ రేటుకు? ఇంటర్నెట్‌లో వెతకని టూల్ అయితే పాత రేటునే ఖాయంగా చెప్పేయొచ్చు, వెతికేదైనా మూడో ప్రశ్నలో తడబడొచ్చు. అలాగే డిమాండ్ నోటీసుల విషయం. జీఎస్‌టీ చట్టంలో 2023-24 ఆర్థిక సంవత్సరం వరకు 73, 74 సెక్షన్లు, 2024-25 నుంచి 74ఏ. సంవత్సరం చెప్పకుండా అడిగి ఏ సెక్షన్ రాస్తుందో చూడండి.

ఈ ఆటలో సీనియర్ అకౌంటెంట్ గారిని పరీక్షాధికారిగా కూర్చోబెట్టండి. చిట్టా ఆవర్జాల నుంచి టాలీకి, 2017 జూలైలో వ్యాట్ నుంచి జీఎస్‌టీకి మారిన మనిషి ఆయన. ఇరవై రెండేళ్ల కుర్రాడు అందరి ముందూ ఆయనకు "ఇలా నొక్కండి అంకుల్" అని నేర్పితే ఆయన ఇక ఆ టూల్ ముఖం చూడరు. అదే "సార్, ఇది చెప్పింది కరెక్టేనా, మీరు చూసి చెప్పండి" అని కుర్రాడే ప్రింట్ తెచ్చి అడిగితే, ఎర్ర పెన్ను తీసి దాని తప్పుల్ని దిద్దుతూ దిద్దుతూ అది ఎక్కడ పనికొస్తుందో ఆయనే కనిపెడతారు.

6. తిట్లు ఎవరికో ముందే చెప్పండి

టూల్ రాసినా, ఎవరు పంపితే బాధ్యత వాళ్లది, సంతకం పెట్టిన సార్‌ది అంతకంటే ఎక్కువ. 2025లో ఆస్ట్రేలియా ప్రభుత్వానికి ఆడిట్, కన్సల్టింగ్ సంస్థ డెలాయిట్ ఏఐ సాయంతో రాసి ఇచ్చిన రిపోర్టులో లేని పుస్తకాలు, లేని వ్యాసాలు ఉన్నట్టు బయటపడి, ఫీజులో కొంత వెనక్కివ్వాల్సి వచ్చింది. అంత పెద్ద సంస్థకే తప్పలేదు. అందుకని సెక్షన్, రేటు, తేదీ, కేసు పేరు, ఈ నాలుగూ పోర్టల్‌లోనో సర్క్యులర్‌లోనో కళ్లతో చూడకుండా ఏ కాగితమూ బయటికి పోకూడదని రూలు పెట్టండి. అయితే తప్పు దొరికిందని వచ్చి చెప్పినవాళ్లను మాత్రం కసురుకోవద్దు. ఒక నోటుబుక్కు పెట్టి, దొరికిన తప్పులన్నీ అందులో రాయించి, శనివారం టీ టైంలో చదివించండి.

7. మిగిలిన టైం మీద వెంటనే కన్నేయకండి

ఎవరో అమ్మాయి రిమైండర్ల పని రెండు గంటల నుంచి అరగంటకు దించిందనుకోండి. మర్నాడే ఆమె బల్ల మీద ఇంకో పది ఫైళ్లు పడేస్తే, ఇకపై ఎవరూ మీకు టైం మిగిలిందని చెప్పరు. మిగిలినా దాచుకుంటారు, అది వాళ్ల తెలివి. మొదటి రెండు మూడు నెలలు ఆ టైంలో సగమైనా వాళ్లకే వదలండి, త్వరగా ఇంటికి వెళ్లనివ్వండి, లేదా నోటీసులు చదవడం లాంటి పై స్థాయి పని నేర్పండి.

8. ఆర్టికల్ కుర్రాళ్లకు మాత్రం కళ్లెం వేయాలి

వీళ్లది తిరగబడ్డ సమస్య. వీళ్లకు భయం లేదు, అన్నీ దానికే అప్పజెప్పేస్తారు, పరీక్షలకు చదువుతున్నారు కాబట్టి పని తొందరగా తెమలాలి కూడా. కానీ 2బీ మ్యాచింగ్ ఒక్కసారైనా చేత్తో చేయనివాడికి, సప్లయర్ జీఎస్‌టీఆర్-1 వేయకపోతే మన క్లయింటు క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్ను తగ్గింపు) ఎందుకు ఆగుతుందో బుర్రకెక్కదు, టూల్ తప్పు చెప్పినా తెలియదు. అందుకని ప్రతి కొత్త పనీ మొదటి మూడుసార్లు ఏఐ లేకుండా చేయించండి, నాలుగోసారి నుంచి వాడుకోనివ్వండి. గొణుగుతారు, గొణగనివ్వండి.