దాడి జరిగాక మొదటి నెల: ఫోన్‌ని తోడు ఎలా చేసుకోవాలి, నొప్పి మాత్రలతో ఎలా జాగ్రత్తపడాలి

మా పిన్ని కూతురు పోయినేడు నైట్ డ్యూటీ అయ్యాక స్కూటీ మీద ఇంటికొస్తుంటే ఇద్దరు బైక్ మీద వెనకే వచ్చి గొలుసు లాగి కింద పడేసి కొట్టారు, కాలర్ బోన్ విరిగింది, కనుబొమ్మ మీద కుట్లు పడ్డాయి. డిశ్చార్జ్ చేసేటప్పుడు 7 రోజులకి ట్రమడాల్ కలిసిన మాత్రలు రాశారు, అందులో తప్పేం లేదు, ఎముక విరిగినప్పుడు ఆ నొప్పికి అలాంటిదే కావాలి. కానీ 23వ రోజు నేను పక్క దులుపుతుంటే దిండు కింద కొత్త స్ట్రిప్ దొరికింది. ఇంకా అంత నొప్పిగా ఉందా అమ్మా అంటే, "భుజం పెద్దగా నొప్పి లేదక్కా, అది వేసుకోకపోతే రాత్రంతా ఆ బైక్ సౌండే వినిపిస్తోంది" అంది. డాక్టర్ భుజానికి రాశాడు, ఇది బైక్ సౌండ్‌కి వేసుకుంటోంది. మా వీధి మెడికల్ షాపులో చీటీ అడక్కుండానే ఇచ్చేశారంట.

ఆ తర్వాత రెండు నెలలు దానితో పాటు కూర్చుని ఏం చేశామో, డాక్టర్లూ కౌన్సెలరూ ఏం చెప్పారో అదంతా ఇక్కడ పెడుతున్నా, మీ ఇంట్లోనో ఫ్రెండ్స్‌లోనో ఎవరికైనా ఇలా జరిగితే మొదటి వారం నుంచే మొదలుపెట్టండి, మాలాగా 23వ రోజు దాకా ఆగొద్దు.

ముందు అర్జెంటువి. ప్రమాదం ఇంకా ఉంటే 112. ఆడవాళ్లకి 181, అక్కడి నుంచే సఖి వన్ స్టాప్ సెంటర్‌కి కలుపుతారు, అక్కడ వైద్యం, పోలీసు, లాయర్, కౌన్సెలింగ్, కొన్ని రోజులు ఉండటానికి చోటు అన్నీ ఫ్రీ. పిల్లలైతే 1098. లైంగిక దాడి అయితే హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు 72 గంటల్లోపు మొదలవ్వాలి, ఎంత తొందరగా అయితే అంత మంచిది, కేసు పెట్టాలా వద్దా అన్నది తర్వాత తేల్చుకోవచ్చు గానీ హాస్పిటల్‌కి మాత్రం ముందు వెళ్లండి. అలాంటి బాధితులకి గవర్నమెంట్ అయినా ప్రైవేటు అయినా హాస్పిటల్ వెంటనే ఉచితంగా వైద్యం చేయాలని చట్టంలోనే ఉంది, బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన చట్టం) 397వ సెక్షన్. ఎవరైనా డబ్బు కట్టమంటే ఆ నంబర్ చెప్పండి.

ఇప్పుడు మనసు సంగతి. దాడి అయ్యాక మొదటి కొన్ని వారాలు నిద్ర పట్టకపోవడం, ఉలిక్కిపడటం, జరిగిందంతా మళ్లీ కళ్ల ముందు ఆడటం, ఆ రోడ్డు వైపు వెళ్లాలంటేనే కాళ్లు ఆడకపోవడం, ఇవన్నీ చాలామందికి వస్తాయి, పిచ్చి కాదు, బలహీనతా కాదు. ఎక్కువమందిలో వాటంతట అవే తగ్గుతూ పోతాయి. నెల దాటినా తగ్గకుండా పనికీ ఇంటికీ అడ్డం పడుతుంటే అప్పుడు పీటీఎస్‌డీ, అంటే భయంకరమైనది జరిగాక మనసులో ఉండిపోయే జబ్బు, ఉందేమో డాక్టర్ చూడాలి, దానికి మంచి ట్రీట్‌మెంట్ ఉంది. అందుకే దాడి జరిగిన తేదీ నుంచి సరిగ్గా 30వ రోజుకి ఫోన్ క్యాలెండర్‌లో ఒక రిమైండర్ పెట్టండి, "ఇంకా కలలొస్తున్నాయా" అని. అంత చాలు, చూసేవాళ్లకి ఏం అర్థం కాదు.

ఇక మాకు అన్నిటికంటే పనికొచ్చింది ఒక నోట్. పెద్ద యాప్ ఏం కాదు, ఫోన్‌లో మామూలుగా ఉండే నోట్స్‌లోనే. రూల్ ఒక్కటే, మాత్ర నోట్లో వేసుకునే ముందు రెండు నంబర్లు రాయాలి, ఒళ్లు నొప్పి పదికి ఎంత, భయం పదికి ఎంత. మా చెల్లి నోట్‌లో మొదటి మూడు లైన్లు ఇవి:

రాత్రి 10:15, నొప్పి 4, భయం 6, వేసుకున్నా.
రాత్రి 2:40, నొప్పి 2, భయం 9, వేసుకున్నా.
పొద్దున 11, నొప్పి 5, భయం 2, వేసుకోలేదు.

మేమిద్దరం ఆ మూడు లైన్లు చూసి కాసేపు ఏం మాట్లాడుకోలేదు. నొప్పి ఎక్కువున్న పొద్దున వేసుకోలేదు, నొప్పి తక్కువున్న అర్ధరాత్రి వేసుకుంది. ఎవరూ తిట్టక్కర్లేదు, లెక్చర్ ఇవ్వక్కర్లేదు, దానికే కనపడింది. మీరు కూడా రాయించేటప్పుడు "వేసుకున్నావా" అని పోలీసులా అడగొద్దు, నంబర్లు అడగండి చాలు. నొప్పి నంబర్ పెద్దదైతే డాక్టర్ చెప్పిన టైమూ డోసూ ప్రకారం మాత్ర వేసుకోవాలి, నొప్పిని ఓర్చుకోమని ఎవరికీ చెప్పొద్దు, ఓర్చుకుంటే నిద్ర ఇంకా చెడుతుంది. భయం నంబర్ పెద్దదైతే మాత్ర కాదు, కింద చెప్పిన రాత్రి పని. రివ్యూకి వెళ్లినప్పుడు ఆ నోట్ డాక్టర్‌కి చూపించండి, రెండు నిమిషాల్లో ఆయనకి విషయం అర్థమైంది మా దగ్గర.

మాత్ర గురించి కూడా తెలిసి ఉండాలి. ట్రమడాల్, టపెంటడాల్, కోడీన్ ఇవన్నీ ఓపియాయిడ్లు, నల్లమందు జాతివి. ట్రమడాల్‌ని 2018 ఏప్రిల్‌లో మత్తుమందుల చట్టం (ఎన్‌డీపీఎస్) కిందికి తెచ్చారు, షెడ్యూల్ హెచ్1లో కూడా ఉంది, అంటే చీటీ లేకుండా అమ్మకూడదు, ఎవరికి అమ్మారో షాపువాళ్లు వేరే రిజిస్టర్‌లో రాసుకోవాలి. చాలా స్ట్రిప్పుల్లో ట్రమడాల్ 37.5, పారాసిటమాల్ 325 కలిపి ఉంటాయి, పేరు చూసి తెలియదు, వెనక చిన్న అక్షరాలు ఫోటో తీసి జూమ్ చేసి చదవండి. ఎందుకంటే అది వేసుకుంటూ జ్వరమనో ఒళ్లు నొప్పులనో మళ్లీ డోలో వేసుకుంటే పారాసిటమాల్ డబుల్ అయిపోతుంది, అది లివర్‌కి దెబ్బ.

అసలు ప్రమాదం కలపడంలో ఉంది. దీంతో పాటు మద్యం తాగినా, నిద్రకి అల్ప్రాజోలం లాంటివి వేసుకున్నా ఊపిరి మందగించి ప్రాణం మీదికి రావచ్చు. "భయపడుతోంది పాపం, ఒక నిద్రమాత్ర ఇవ్వండి" అని పెద్దవాళ్లు ప్రేమతోనే అంటారు, మా పెద్దమ్మ కూడా అంది, కానీ దాడి జరిగిన మొదటి నెలలో ఆ జాతి మాత్రలు ఇలాంటి భయం లక్షణాలకి ఇవ్వొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే చెప్పింది. ఫిట్స్ ఉన్నవాళ్లకి ట్రమడాల్ మంచిది కాదు. డిప్రెషన్‌కి సెర్ట్రలిన్ లాంటివి వాడుతుంటే రెండూ పడకపోవచ్చు, ఇద్దరు డాక్టర్లకీ రెండు చీటీలూ చూపించి తీరాలి, వాట్సాప్‌లో "చీటీలు" అని మీకు మీరే ఒక గ్రూప్ పెట్టుకుని అన్నీ అందులో పడేస్తే ఏ డాక్టర్ దగ్గరైనా చూపించొచ్చు. మనిషి లేపినా లేవకుండా, ఊపిరి బాగా మెల్లగా, గురక లాంటి సౌండ్‌తో, పెదాలు నీలంగా ఉంటే నిద్రపోనిద్దాం అనుకోవద్దు, పక్కకి తిప్పి పడుకోబెట్టి వెంటనే 108.

రోజూ వేసుకుంటూ ఇప్పటికే వారాలు దాటిపోయి ఉంటే ఒక్కరోజులో ఆపేయకండి, చెమటలు, ఒళ్లు నొప్పులు, విరేచనాలు, నిద్రలేమి వస్తాయి, మనిషి భయపడి మళ్లీ మాత్ర దగ్గరికే వెళ్తాడు. డాక్టర్ మెల్లగా తగ్గిస్తారు. 14446 అని డీఅడిక్షన్ హెల్ప్‌లైన్ ఉంది, ఫోన్ చేసి మీ దగ్గర్లో సెంటర్ ఎక్కడుందో అడగండి. మా చెల్లికి మూడు వారాల్లో తగ్గించారు, మధ్యలో ఒక రాత్రి బాగా ఏడ్చింది, మళ్లీ మర్నాడు లేచి టీ పెట్టింది.

రాత్రి పని ఏంటంటే. భయం 7 దాటితే మొదట లైట్ వేసి కాళ్లు నేలకి ఆనించి కూర్చోవాలి, కనపడేవి 5, తగిలేవి 4, వినపడేవి 3, వాసనలు 2, రుచి 1, పైకి చెప్పాలి. మేము ఇది దాని గొంతుతోనే రికార్డ్ చేసి హోమ్ స్క్రీన్ మీద పెట్టాం, ఎందుకంటే 2:40కి యాప్ వెతికే ఓపిక ఎవరికీ ఉండదు, ఇంగ్లీష్‌లో ఎవరో చెప్పేదానికంటే "ఫ్యాను కనపడుతోంది, అమ్మ చీర కనపడుతోంది" అని తన గొంతే వింటే తొందరగా కుదుటపడేది. అప్పటికీ తగ్గకపోతే టెలిమానస్ అని గవర్నమెంట్ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది, 14416, 24 గంటలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బులేం అక్కర్లేదు. 2022 అక్టోబర్ 10న మొదలైంది. మొదటిసారి ఏం చెప్పాలో తెలీక చాలామంది కట్ చేసేస్తారు, అందుకే ఒక వాక్యం ముందే రాసి పెట్టుకోండి, "నా మీద ఫలానా రోజు దాడి జరిగింది, నిద్ర లేదు, నొప్పి మాత్రలు ఎక్కువ వేసుకుంటున్నానని భయంగా ఉంది" అని, చదివేస్తే సరిపోతుంది. చచ్చిపోవాలనిపిస్తే నోట్లూ నంబర్లూ పక్కన పెట్టి పక్కన ఉన్నవాళ్లని లేపండి, అదే నంబర్‌కి చేయండి.

ఇంగ్లీష్ వచ్చినవాళ్లకి పీటీఎస్‌డీ కోచ్ అని అమెరికా వెటరన్స్ శాఖ 2011లో తెచ్చిన యాప్ ఉంది, ఫ్రీ, యాడ్స్ లేవు. టెట్రిస్ గేమ్ ఆడితే మంచిదని కూడా వినే ఉంటారు, అది ఆక్స్‌ఫర్డ్‌లో యాక్సిడెంట్ అయిన 71 మంది మీద చేసిన ప్రయోగం, 6 గంటల్లోపు ఆ జ్ఞాపకాన్ని ఒకసారి తలుచుకుని తర్వాత ఆడించారు, ఆ వారంలో కళ్ల ముందు మెదిలే దృశ్యాలు తగ్గాయి. ఆడితే నష్టం లేదు, కానీ అదే వైద్యం అనుకోవద్దు.

ఫోన్ వల్ల చెడు కూడా ఉంది. మా చెల్లి దాడి సీసీటీవీ వీడియో కాలనీ గ్రూపులో తిరిగింది, అయినవాళ్లే "జాగ్రత్తమ్మా" అని దానికే ఫార్వర్డ్ చేశారు. మీరైతే ముందే అడ్మిన్‌కి చెప్పి తీయించండి, గ్రూపుల్లో ఆటో డౌన్‌లోడ్ ఆపేయండి. గాయాల ఫోటోలు కేసుకి కావాలి, తీసేయొద్దు, కానీ గ్యాలరీలో ఉంచితే ఏదో ఒకరోజు మెమొరీస్ అని పాట పెట్టి చూపిస్తుంది, కాబట్టి నమ్మకస్తులకి మెయిల్ చేసి దాచమని, మీ ఫోన్‌లో లాక్డ్ ఫోల్డర్‌లో పెట్టి, గూగుల్ ఫోటోస్ మెమొరీస్ సెట్టింగ్‌లో ఆ తేదీలు దాచేయండి.

కొట్టినవాడు ఇంట్లోవాడే అయితే లెక్క వేరే. ఆ ఫోన్‌లో ఈ నోట్ పెట్టొద్దు. వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ చూడండి, మీది కాని కంప్యూటర్ ఉంటే తీసేయండి, జీమెయిల్ ఎక్కడెక్కడ తెరిచి ఉందో చూడండి, లొకేషన్ షేరింగ్ చూడండి. అయితే అన్నీ ఒకేసారి మార్చేస్తే వాడికి అనుమానం వచ్చి గొడవ పెద్దదవ్వచ్చు, అందుకే ముందు 181కి పక్కింటివాళ్ల ఫోన్ నుంచో ఆఫీస్ ఫోన్ నుంచో చేసి వాళ్లతో మాట్లాడి తర్వాత చేయండి.

అమెరికాలో చదువుకునే మన పిల్లలకి ఒక మాట, అక్కడ హైడ్రోకోడోన్, ఆక్సికోడోన్ రాస్తారు, ఇవి ట్రమడాల్ కంటే గట్టివి. ఇలాంటి మాత్రలు ఎక్కువై ఊపిరి ఆగిపోతుంటే ఇచ్చే విరుగుడు నాలోక్సోన్ ముక్కు స్ప్రే 2023 నుంచి చీటీ లేకుండా దొరుకుతోంది, రూమ్మేట్‌కి ఎక్కడుందో చెప్పి రూమ్‌లో పెట్టుకోండి, ఏమైనా అయితే 911. మాట్లాడటానికి 988. వీసా భయంతో ఊరుకోవద్దు, వైద్యం అడిగినంత మాత్రాన వీసా పోదు.

తగ్గాక మిగిలిన మాత్రలు దాచొద్దు, "ఎప్పుడైనా పనికొస్తాయి" అని డబ్బాలో పెట్టడం మన ఇళ్లలో అలవాటు. 2025లో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ చెత్తబుట్టలో వేయకుండా టాయిలెట్‌లో ఫ్లష్ చేయాల్సిన మందుల లిస్ట్ ఒకటి ఇచ్చింది, 17 మందులు, ట్రమడాల్, టపెంటడాల్ రెండూ ఉన్నాయి. మా చెల్లి దిండు కింద స్ట్రిప్‌లో 6 మిగిలాయి, ఒక్కొక్కటి తనే గిల్లి వేసి ఫ్లష్ చేసింది, నోట్‌లో ఆ రోజు లైన్ "సాయంత్రం 5, నొప్పి 1, భయం 3, పారేశా" అని ఉంది.