నెట్ బిల్లు దగ్గర బేరం: ఎక్కడ దిగుతారు, ఎక్కడ దిగరు

గుంటూరు బ్రాడీపేటలో మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ లెక్కలు నేనే చూస్తాను. అందుకేనేమో, ఎవరింట్లో కొత్త నెట్ కనెక్షన్ పెట్టించుకోవాలన్నా ముందు మా తలుపే తడతారు. అందరూ అడిగేది ఒక్కటే: "ఆంటీ, రేటు ఏమైనా తగ్గిస్తారా?"

తగ్గించరు. పెద్ద కంపెనీల ప్లాన్ రేటు యాప్‌లో ఎంతుంటే అంతే. కస్టమర్ కేర్‌లో కూర్చున్న పిల్లాడి చేతిలో అది ఉండదు, ఎంత గట్టిగా మాట్లాడినా లాభం లేదు. కానీ ఫిక్స్‌డ్ రేట్ అని బోర్డు పెట్టిన చీరల కొట్లో కూడా ఫాల్ కుట్టించి ఇమ్మంటే ఇస్తారు కదా! ఇక్కడా రేటు వదిలేసి, దాని చుట్టూ ఉన్నవి పట్టుకోవాలి. ఇన్‌స్టలేషన్ ఛార్జీ, రౌటర్, డిపాజిట్, అదనపు రోజులు, స్పీడు... బేరం ఆడాల్సింది వీటి మీద.

ముందు మీకేం కావాలో తేల్చుకోండి

పాంప్లెట్ మీద 699 అని ఉంటుంది. దాని మీద 18 శాతం జీఎస్టీ పడితే మీరు కట్టేది 824 రూపాయల 82 పైసలు. 399 ప్లాన్ అయితే 470 దాటుతుంది. ఎవరు ఏ ప్లాన్ చెప్పినా "ట్యాక్స్‌తో కలిపి చేతి నుంచి ఎంత పోతుంది?" అని అడిగి, ఆ అంకె రాసుకోండి. ఒక కంపెనీని ఇంకో కంపెనీతో పోల్చాల్సింది ఆ అంకెతోనే.

తర్వాత స్పీడు. నలుగురున్న ఇంటికి 200 ఎంబీపీఎస్ అంటగట్టాలని చూస్తారు. 4కే సినిమాకి 15 ఎంబీపీఎస్ ఉంటే చాలని నెట్‌ఫ్లిక్స్ వాళ్లే చెబుతారు, మామూలు హెచ్‌డీకి ఐదు చాలు. టీవీ ఒకటి, ఫోన్లు నాలుగు, మధ్యాహ్నం ఆఫీసు మీటింగ్ ఒకటి ఉన్న ఇంటికి 40, 50 సరిపోతుంది. "మాకు 100 ఉన్నా ఆగిపోతుంది" అనేవాళ్ల ఇళ్లలో చాలాసార్లు రౌటర్ టీవీ వెనకాలో, షోకేసు లోపలో ఉంటుంది. రౌటర్ నుంచి ల్యాప్‌టాప్‌కి లాన్ కేబుల్ (నెట్ వైరు) పెట్టి స్పీడు చూడండి. అక్కడ సరిగ్గా వస్తుంటే లోపం లైనులో లేదు, ఇంట్లోని వైఫైలో ఉంది. ప్లాన్ పెంచితే అది పోదు.

అన్‌లిమిటెడ్ అన్న మాటకీ ఒక హద్దు ఉంటుంది. చాలా ఫైబర్ ప్లాన్లలో అది నెలకు 3300 జీబీ, మామూలు ఇల్లు దాని దరిదాపులకు కూడా పోదు. చిన్న ఆపరేటర్ల దగ్గర మాత్రం ఈ అంకె బాగా తక్కువ ఉండొచ్చు, కచ్చితంగా అడగండి. ఓటీటీలు కలిపిన ప్లాన్ అంటే నాకు మొదటి నుంచీ అనుమానమే. మీ మొబైల్ రీఛార్జితో ఆల్రెడీ వస్తున్నదే నెట్ ప్లాన్‌లోనూ వస్తుంటే, ఒకే దానికి రెండుసార్లు కట్టినట్టు.

కొత్త కనెక్షన్ అబ్బాయితో

గేటు దగ్గర గొడుగు వేసుకుని కూర్చునే సేల్స్ అబ్బాయికి నెలకింత అని టార్గెట్ ఉంటుంది. నెల మొదటి వారంలో అతను మీ మాట వినడు. ఆఖరి వారంలో తనే ఫోన్ చేస్తాడు. కాబట్టి తొందర లేకపోతే ఇరవై ఐదో తారీఖు దాటాక మాట్లాడండి.

ముందుగా వేరే కంపెనీ అబ్బాయి దగ్గర కొటేషన్ వాట్సాప్‌లో తెప్పించుకోండి. నోటితో చెప్పింది పనికిరాదు, ఉత్తుత్తి బెదిరింపు అసలే పనికిరాదు. ఆ పిల్లలకి అవతలి కంపెనీ ప్లాన్లన్నీ కంఠతా వచ్చు. మెసేజ్ చూపించి ఇలా అడిగితే సరిపోతుంది:

"చూడు నాయనా, వాళ్లు ఇన్‌స్టలేషన్ ఛార్జీ వద్దన్నారు. రౌటర్‌కి డిపాజిట్ కూడా లేదంట. నువ్వేమిస్తావో చెప్పు."

"మేడమ్, ఇన్‌స్టలేషన్ ఆరు నెలల ప్లాన్ తీసుకుంటేనే ఫ్రీ."

"మూడు నెలలు కడతా. నీకు కనెక్షన్ ఈ నెలలోనే పడుతుంది. మీ సార్‌ని అడిగి చెప్పు."

ఇక్కడ ఆగిపోవాలి. మనవాళ్లు ఆగలేరు, మాటలు లేకపోతే ఇబ్బందిగా అనిపించి వాళ్లే "పోనీలే ఆరు నెలలు కడతాలే" అనేస్తారు. అతన్ని సార్‌కి ఫోన్ చేయనివ్వండి.

రౌటర్ విషయంలో 2.4, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు వైఫై బ్యాండ్లూ ఉన్నదే అడగండి. 2.4 మాత్రమే ఉన్న పాత రౌటర్ ఇస్తే, మీరు కట్టిన 100 ఎంబీపీఎస్ వైఫైలో పూర్తిగా అందదు. అది డిపాజిట్ మీద ఇస్తున్నారా, అద్దెకా, అమ్ముతున్నారా అన్నది కూడా తేల్చుకోండి. డిపాజిట్ అయితే రసీదు ఉండాలి. డబ్బు మాత్రం కంపెనీ యాప్‌లోనో వెబ్‌సైట్‌లోనో కట్టండి. ఆ అబ్బాయి సొంత నంబరుకి ఫోన్‌పే చేస్తే, రేపు అతను ఉద్యోగం మానేశాక అడగడానికి ఎవరూ ఉండరు.

ఏడాదికి ఒకేసారి కడితే ఒక నెల అదనం అన్న ఆఫర్ చూడ్డానికి బాగుంటుంది. 699 ప్లాన్‌కి ట్యాక్స్‌తో ఏడాదికి 9,898 అవుతుంది. అది పదమూడు నెలలకు పంచితే నెలకు 761, అంటే నెలకు 63 రూపాయలు మిగులుతాయి. కానీ డబ్బంతా ముందే కట్టేశాక మీ మాటకు బలం పోతుంది. అద్దె ఇంట్లో ఉంటే ఇల్లు మారాల్సి రావచ్చు, కొత్త వీధిలో ఆ కంపెనీ లైను లేకపోవచ్చు. నన్నడిగితే మొదటిసారి మూడు నెలలే కట్టండి, సర్వీసు చూశాక ఏడాది సంగతి ఆలోచించవచ్చు.

కేబుల్ ఆయన సొంతంగా నడిపే నెట్ అయితే కథ వేరు. అక్కడ యజమాని ఎదురుగానే ఉంటాడు కాబట్టి రేటు మీదే బేరం ఆడొచ్చు. టీవీ కనెక్షన్ కూడా ఆయనదే అయితే రెండూ కలిపి ఒక అంకె చెప్పమనండి.

ఉన్న కంపెనీ దగ్గరే ఉంటూ

పాత కస్టమర్‌కి ఎవరూ పిలిచి ఏమీ ఇవ్వరు. ప్లాన్ అయిపోవడానికి వారం ముందు కస్టమర్ కేర్‌కి చేసి, కనెక్షన్ ఆపేయడానికి ఏం చేయాలో అడగండి. మామూలు సెక్షన్ నుంచి వేరే సెక్షన్‌కి కలుపుతారు, కస్టమర్లు పోకుండా చూడ్డమే అక్కడివాళ్ల పని. స్పీడు పెంచడం, కొన్ని రోజులు కలపడం, పాత రౌటర్ మార్చి ఇవ్వడం లాంటివి వాళ్లు చేయగలరు. నెట్ ఆగిన ప్రతిసారీ ఫిర్యాదు చేసి ఆ నంబరు ఒక చోట రాసి పెట్టుకున్నవాళ్లకి ఇక్కడ పని తేలిక. "సర్వీసు బాలేదు" అంటే వాళ్లు సారీ చెప్పి ఊరుకుంటారు, తేదీలు చదివితే వింటారు.

ఏదైనా ఇస్తామంటే, ప్లాన్ పేరు, రేటు, ఎప్పటివరకు అన్నది మెసేజ్ వచ్చేదాకా ఫోన్ పెట్టకండి. "సిస్టమ్‌లో వేశాను మేడమ్" అన్నది నాకు లెక్కలోకి రాదు.

మొబైల్‌కి పోర్ట్ అన్న మాట చాలు

ఇక్కడ మన చేతిలో ఒక మంచి హక్కు ఉంది. దేశమంతటా నంబరు మార్చకుండా కంపెనీ మారే వీలు 2011 జనవరి నుంచి ఉంది. ఇంగ్లీషులో పోర్ట్ అని టైప్ చేసి, ఖాళీ వదిలి, మీ పదంకెల నంబరు కొట్టి 1900కి మెసేజ్ పంపండి. ఎనిమిది అక్షరాల కోడ్ వస్తుంది, నాలుగు రోజులు పనిచేస్తుంది. కోడ్ తెప్పించుకున్నంత మాత్రాన నంబరు ఎక్కడికీ పోదు, వాడకపోతే దానంతటదే చెల్లకుండా పోతుంది. ఆ నాలుగు రోజుల్లో మీ కంపెనీ నుంచి ఫోన్ రావడం మామూలే, ఆఫర్ కూడా రావచ్చు. ఆఫర్ నచ్చితే ఉండండి, నచ్చకపోతే మారండి.

కోడ్ రావాలంటే ఆ కంపెనీలో 90 రోజులు పూర్తయి ఉండాలి, పోస్ట్‌పెయిడ్ బిల్లు బాకీ ఉండకూడదు. సిమ్ పోయి కొత్తది తీసుకున్న వారం రోజులు కోడ్ రాదు, 2024 జులై నుంచి ఈ నిబంధన ఉంది. ఆఫర్ ఇస్తామని ఫోన్ చేసినవాడు ఆ కోడ్ గానీ ఓటీపీ గానీ అడిగితే కట్ చేసేయండి. మీ కంపెనీకి మీ కోడ్‌తో పని లేదు.

రీఛార్జి లెక్కలో 28 రోజుల కిటుకు గుర్తుంచుకోండి. ఏడాదికి పన్నెండు కాదు, పదమూడు సార్లు కడుతున్నారు. ప్రతి కంపెనీ కనీసం ఒక 30 రోజుల ప్లాన్, ప్రతి నెలా ఒకే తేదీకి చేసుకునే ప్లాన్ ఒకటి పెట్టాలని టెలికాం కంపెనీలకు నిబంధనలు పెట్టే సంస్థ ట్రాయ్ 2022లో ఆదేశించింది. అవి యాప్‌లో అడుగున ఎక్కడో ఉంటాయి.

తెనాలిలో మా అత్తయ్యగారు ఫోన్ మాట్లాడటానికే వాడతారు, నెట్ ముట్టుకోరు. అలాంటి పెద్దవాళ్ల కోసం డేటా లేకుండా కాల్స్, మెసేజ్‌లు మాత్రమే ఉన్న ప్యాక్‌లు పెట్టాలని 2024 డిసెంబర్‌లో ట్రాయ్ చెప్పింది, 2025 జనవరిలో అవి వచ్చాయి. రీఛార్జి కొట్టులో అడక్కపోతే చూపించరు. ఆవిడకి పాత ల్యాండ్‌లైన్ నంబరంటే ప్రాణం. ల్యాండ్‌లైన్‌కి పోర్ట్ సదుపాయం లేదు. బీఎస్ఎన్ఎల్ రాగి తీగ నుంచి అదే సంస్థ ఫైబర్‌కి మారితే మాత్రం నంబరు నిలుపుకోవచ్చు. అక్కడా ప్లాన్ రేటు కదలదు, లైను వేసే స్థానిక భాగస్వామితో పరికరం ధర, ఇన్‌స్టలేషన్ మాట్లాడుకోవాలి.

అందరూ కలిసి అడిగితే

కంపెనీ మీ బిల్డింగ్‌లోకి రావాలంటే స్టిల్ట్‌లో పెట్టె పెట్టుకోవాలి, దానికి కరెంటు పాయింటు కావాలి, డక్ట్‌లోంచి కేబుల్ లాగాలి. ఇవన్నీ అసోసియేషన్ చేతిలోనివి. ఊరికే ఎందుకివ్వాలి? మేము అడిగినవి: లిఫ్ట్, గేటు సీసీ కెమెరాలకు ఒక కనెక్షన్ ఉచితం, చేరే ఫ్లాట్లకు ఇన్‌స్టలేషన్ ఛార్జీ లేకుండా, నేరుగా మాట్లాడటానికి టెక్నీషియన్ నంబరు. కరెంటు ఖర్చు వాళ్లదే. ఇవన్నీ లెటర్‌హెడ్ మీద రాయించుకున్నాం. "మా ఒక్కరికే అనుమతి" అన్న షరతు మీద మాత్రం సంతకం పెట్టొద్దు. రెండో కంపెనీ లేని బిల్డింగ్‌లో ఇక బేరమే ఉండదు.

మాట తప్పితే

"ట్రాయ్‌కి రాస్తా" అని బెదిరించడం దండగ, ట్రాయ్ విడి విడి ఫిర్యాదులు తీసుకోదు. కంపెనీలోనే ఫిర్యాదు చేసి డాకెట్ నంబరు (ఫిర్యాదు నంబరు) తీసుకోండి. తేలకపోతే అదే కంపెనీలో అప్పిలేట్ అథారిటీకి 30 రోజుల్లో అప్పీలు చేయండి, పైసా ఖర్చుండదు. 39 రోజుల్లో తేల్చాలి. అదీ కాకపోతే 1915, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. టెలికాం గొడవల్ని వినియోగదారుల కమిషన్లు వినొచ్చని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో తేల్చింది కాబట్టి ఆ దారి కూడా ఉంది.

కనెక్షన్ మానేస్తే రౌటర్ తిరిగిచ్చినట్టు రసీదు తీసుకోండి, సీరియల్ నంబరు కనిపించేలా ఫోటో కూడా. డిపాజిట్ 45 రోజుల్లో వెనక్కి రావాలి. ఆటోపే పెట్టుకుని ఉంటే అది కూడా అదే రోజు మీ యూపీఐ యాప్‌లోకి వెళ్లి తీసేయండి, కంపెనీ తీసేస్తుందని ఊరుకోకండి.