సమీకరణాలకు అగ్గిపెట్టెలు, చింతగింజలు

కూడికలు, గుణకారాలు చకచకా చేసే పిల్లలు కూడా ఆరు, ఏడు తరగతుల్లో తెలియని సంఖ్యకు గుర్తుగా ఎక్స్ కనబడగానే ఆగిపోతారు. "అవతలి వైపుకు వెళ్తే గుర్తు మారుతుంది" అని మా అమ్మాయి బట్టీపట్టింది, ఎందుకో మాత్రం తెలియదు.

అది చూపించడానికి రెండు ఖాళీ అగ్గిపెట్టెలు, పాతిక చింతగింజలు చాలు. మొండా మార్కెట్ నుంచి తెచ్చిన చింతపండులో వచ్చిన గింజలనే కడిగి ఎండబెట్టాం.

రెండు ఎక్స్‌లకు 3 కలిపితే 11 అనే లెక్క తీసుకోండి. ఒక్కో పెట్టె ఒక్కో ఎక్స్ అన్నమాట. నేల మీద సుద్దముక్కతో గీత గీయండి. పాప చూడకుండా ఒక్కో పెట్టెలో 4 గింజలు వేసి మూసి, గీతకు ఎడమవైపు పెట్టండి. వాటి పక్కన 3 గింజలు, కుడివైపు 11. రెండు పెట్టెల్లోనూ సమానంగా ఉన్నాయని, రెండు వైపుల మొత్తమూ ఒకటేనని చెప్పి, తెరవకుండా లెక్క తేల్చమనండి. ఒకవైపు ఎన్ని తీస్తే రెండోవైపూ అన్నే తీయాలి, నియమం అంతే. మూడేసి తీస్తే కుడివైపు 8 మిగులుతాయి. రెండు పెట్టెలకు పంచితే 4. ప్రతి అడుగునూ వెంటనే నోటుపుస్తకంలో రాయించండి, లేకపోతే ఆటగానే మిగిలిపోతుంది. చివరికి పెట్టె తెరిచి చూడనివ్వండి. జవాబు సరిచూసుకునే అలవాటు నాకు అన్నిటికంటే ముఖ్యం.

జవాబు రుణసంఖ్య (సున్నా కంటే తక్కువ) అయితే ఇది పనికిరాదు. ఎక్స్‌కు 7 కలిపితే 3 వచ్చే లెక్కను గింజలతో చూపలేం. దానికి సంఖ్యారేఖ గీయాల్సిందే.